ఇచ్చిన మాట, ఇంటికొచ్చిన అతిథి



మీ ఇంట్లో పెళ్ళి. బంధువులందరినీ పిలిచారు. వచ్చినవారిలో ఒకరిపై హత్యానేరం మోపబడి, కోర్టు వారంటు ఉంది. అలాంటివారు కనబడితే అప్పగిస్తానని మీరు లోగడ సంతకం చేసి ఉన్నారు. పట్టిస్తే బంధువులు ఇక మీ గడప తొక్కరు. వదిలేస్తే మీ మాటకు విలువుండదు. ఏం చేస్తారు?

2015 జూన్‌లో దక్షిణాఫ్రికాకు ఇదే సంకటం ఎదురైంది. జోహానెస్‌బర్గ్‌లో జరిగిన ఆఫ్రికా దేశాల సమాఖ్య సమావేశానికి సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ వచ్చారు. 2003లో మొదలైన దార్ఫూర్ మారణకాండలో సుమారు 3 లక్షల మంది మరణించారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆ నేరాలపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2009లోను, 2010లోను ఆయనపై వారంట్లు జారీ చేసింది. ఆ కోర్టు ఒప్పందాన్ని దక్షిణాఫ్రికా 2000లోనే ఆమోదించింది.

ఆయనను దేశం దాటనివ్వవద్దని ప్రిటోరియా హైకోర్టు ఆదేశించింది. విచారణ ముగియకముందే ఆయన విమానం సైనిక స్థావరం నుండి ఎగిరిపోయింది. ప్రభుత్వం చేసింది చట్టవిరుద్ధమని 2016లో అప్పీలు కోర్టు తేల్చింది.

అయినా తొందరపడి నిందించకండి. వర్ణవివక్ష రోజుల్లో జాంబియా, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాలే దక్షిణాఫ్రికా పోరాటయోధులకు నీడనిచ్చాయి. అమెరికా, రష్యా, చైనా చేరని కోర్టు ఆఫ్రికా నాయకులనే బోనెక్కిస్తోందన్న ఆవేదన కూడా అర్థం లేనిది కాదు. అయితే అదే రోజుల్లో దూరదేశాల ప్రజలు కూడా ఆ జాతి బాధను తమ బాధగా తలచి, ఆంక్షల కోసం పోరాడారు. ఆ దేశం రెండు వైపులా ఋణపడి ఉంది.

మరి ఏది బరువు? ఆ సమావేశంలో కుర్చీ లేనివారిని తలచుకోండి. దార్ఫూర్ విధవరాండ్రు, అనాథలు అక్కడ లేరు. నాయకుల స్నేహం నిలబడింది. వెల వాళ్ళు చెల్లించారు. పైగా వాళ్ళూ ఆఫ్రికా బిడ్డలే గదా!

2023లో అలాంటి పరీక్షే మళ్ళీ వచ్చింది. ఆగస్టులో బ్రిక్స్ సమావేశం. రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై మార్చిలోనే అదే కోర్టు వారంటు ఇచ్చింది. ఈసారి ముందే మాట్లాడుకున్నారు. ఆయన రాలేదు, వీడియో ద్వారా పాల్గొన్నారు. స్నేహమూ చెడలేదు, సంతకమూ చెరగలేదు.

ఇరుగుపొరుగును, లోకాన్ని రెంటినీ నిలుపుకోవడం తప్పు కాదు. కాని ఆ సర్దుబాటు అతిథి రాకముందే, చట్టానికి లోబడి జరగాలి. వచ్చాక దొడ్డిదారిన కాదు. మన ఇళ్ళలోనూ అంతే. అయినవారిని కాపాడుకునేటప్పుడు, దానికి వెల చెల్లించేది ఎవరో ఒక్కసారి అడిగి చూసుకుందామా?