ఏమియు చేయనివాని తప్పు

రాయపూరు నుండి బిలాసపూరు పోవు రైలుమార్గమున తిల్దా యొక చిన్న పట్టణము. ప్రక్కనున్న నేవరాతో కలిపి దానిని తిల్దా-నేవరా యందురు. అది బియ్యపు మిల్లుల ఊరు. అట్టి యొక మిల్లు గిడ్డంగిలో, ఊకధూళి క్రింద, పదునైదేండ్లుగా కదలక యున్న పాత అంబాసిడరు కారు నొకదానిని ఊహింపవచ్చును. తండ్రి దానిని ముచ్చటగా నడిపినాడు. ఆయన పోయిన పిదప కుమారుడు దానిని అమ్మలేదు, నడుపనులేదు. ఇంట పెండ్లి తలపెట్టిననాడు, వరుని తాతగారి కారులోనే ఊరేగింపవలెనని అందరికిని కోరిక కలిగెను. క్రొత్త బ్యాటరీ తెచ్చి పెట్టిరి. తాళము త్రిప్పగా ఇంజను పలికెను. ఇల్లంతయు సంతోషించెను. పది నిమిషములు నడచి, రైలు గేటు చేరకమునుపే కారు ఆగిపోయెను. కొంత తడవాగి త్రిప్పిన లేచును; మరల ఆగును.

మెకానిక్ వచ్చి మొదట అడుగునది, “దీనిని ఏమి చేసినారు?” అని. యజమాని చెప్పునది, “నేనేమియు చేయలేదు. పెట్టినది పెట్టినట్లే యున్నది” అని. ఆ మాట నిజమే. అయినను అందొక ధర్మసందేహము దాగియున్నది. ఏమియు చేయనివానికి తప్పు అంటునా?

మన శాస్త్రకారులకు ఇది పాత ప్రశ్న. నిత్యకర్మలను ఆచరింపనివానికి ప్రత్యవాయము కలుగునని మీమాంసకులు చెప్పిరి. శంకరులు తైత్తిరీయ భాష్యోపోద్ఘాతమున దీనిని ఆక్షేపించిరి. చేయకపోవుట అభావము, అభావము నుండి భావరూపమైన ఫలము పుట్టదని వారి వాదము. పైకి చూచిన, ఈ తర్కము మిల్లు యజమానికి అనుకూలమే.

కాని ఇంజనును విప్పి చూడవలెను. పెట్రోలులో తేలికగా ఆవిరియగు భాగము ఏండ్ల తరబడి పోయినది. మిగిలినది గాలితో కలిసి జిగురై, కార్బ్యురేటరులోని సన్నని రంధ్రములను పట్టుకొన్నది. సగము ఖాళీగానున్న ట్యాంకులో వానకాలపు తేమ చేరి, ఇనుము త్రుప్పుపట్టినది. పంపులోని పొర బిరుసెక్కినది. ఇందులో ఏదియు యజమాని చేసినది కాదు. గాలి చేసినది, తేమ చేసినది, ఎండ చేసినది. అనగా శంకరుల మాట ఇచ్చటను నిలుచుచున్నది. అభావము తానై ఏమియు చేయలేదు. పని చేయువాటికి అడ్డులేకుండ చేసినదంతే.

అంతమాత్రమున యజమాని తప్పు తొలగిపోదు. చేను మేసినది పశువే యైనను, రైతు నిలదీయునది నిద్రపోయిన కావలివానిని. ఆ దారిన పోయిన బాటసారియు పశువును తోలలేదు; కాని వానినెవరు అడుగుదురు? చేయకపోవుట యెల్లరకు సమానమే. తప్పు మాత్రము కాపాడవలసినవానిదే. బాధ్యత యున్నచోట అకరణము వట్టి శూన్యము కాదు.

తప్పు ఎవరిదని తేల్చుటకంటె ముందు కారణమేదో తెలియవలెను. కోపము కలిగినవాడు చివర చేయి పెట్టినవానిని పట్టుకొనును. అనగా క్రొత్త బ్యాటరీ అమ్మినవానిని. మంచి మెకానిక్ అట్లు చేయడు. అతడెరుగకయే అన్నంభట్టు తర్కసంగ్రహములోని త్రోవను నడచును. ఏది యుండిన కార్యముండునో, ఏది లేకున్న కార్యము లేకపోవునో, ఒక్కొక్కటిగా చూచును. కారు ఆగిన తోడనే, ఇంజను చల్లారకమునుపే, ప్లగ్గునకు నిప్పురవ్వ వచ్చుచున్నదా యని పరీక్షించును. రాకున్న, వేడెక్కగానే చెడిపోవు కాయిలునో కండెన్సరునో అనుమానించును. వచ్చిన, పెట్రోలు వైపు తిరుగును. ట్యాంకు మూత తీయగానే గాలి బుస్సుమని లోనికి దూరి, పిదప బండి నడచినచో, మూతలోని గాలిదారి పూడినదని తెలియును. అదియు కాకున్న గొట్టమును విప్పును. త్రుప్పు పెళ్లలు గొట్టపు నోటికి చేరి మూయుచున్నవి. ఇంజను ఆగగానే, పీల్చు బలము లేక, క్రిందికి జారుచున్నవి. కొంత తడవాగిన బండి లేచుటకు కారణమిదియే.

ఓపిక లేనివాడు అయిదు భాగములను ఒకేసారి మార్చును. బండి నడువవచ్చును. కాని దేనివలన నడచెనో అతడెరుగడు. ట్యాంకులోని త్రుప్పు అట్లే యుండును. నడచుట వేరు, తెలియుట వేరు.

యజమాని మరియొక మాట అనవచ్చును: ప్రేమ లేకున్న నేను దీనిని ఏల దాచుదును? ఆ ప్రేమ నిజమే. కాని దాచుట కాపాడుట కాదు. వస్తువు కదలక యున్నను లోకము కదలక యుండదు. ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరుల తయారీ 2014లో ఆగిపోయెను. 2025 నాటికి దేశమున అమ్ముడగు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాల్ చేరెను. అది తేమను పీల్చును; పాత కార్ల రబ్బరు దానికొరకు చేసినది కాదు. కారు నిజముగా పెట్టినది పెట్టినట్లే యుండినను, దానికి నేడు పోయు పెట్రోలు నాటిది కాదు.

అన్నదమ్ముల నడుమ బంధమును ఇట్టిదే. “మేము పోట్లాడలేదు” అని ఇరువురును చెప్పుదురు. పండుగనాడు కలిసిన మాట తేలికగనే కదలును. పది నిమిషములకు ఆగిపోవును. అప్పుడు చివర నోరుజారినవానిపై నేరము మోపుదురు. ట్యాంకు అడుగు చూచువారు అరుదు.

గేటు కడ నిలిచిన కారునకు చేయవలసినది పెద్దపని కాదు. ట్యాంకు దింపి కడుగవలెను, గొట్టములను, పంపుపొరను మార్చవలెను, క్రొత్త పెట్రోలు పోయవలెను. పిదప వారమునకొకసారియైన నడుపవలెను. మెకానిక్ ప్రశ్నకు యజమాని చెప్పవలసిన సమాధానమును మారనక్కరలేదు. “నేనేమియు చేయలేదు” అనియే చెప్పవలెను. మొదట తన్ను కాచుకొనుటకు చెప్పినాడు, ఈసారి ఒప్పుకొనుటకు చెప్పవలెను.