వెల, విలువ, రుచి: మితవ్యయ రసజ్ఞతపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

రుచిని గురించి మనలో రెండు నానుడులు తరచుగా వినబడతాయి. ‘లోకో భిన్నరుచిః’ అన్నది ఒకటి, ‘ఆకలి రుచి ఎరుగదు’ అన్నది మరొకటి. మొదటిది రుచి విషయంలో వాదానికి తావు లేదంటుంది. రెండవది లేమి ఉన్నచోట రుచి ప్రసక్తే లేదంటుంది. రెండింటినీ యథాతథంగా అంగీకరిస్తే రుచినిర్ణయం కలవారి సొంత వ్యవహారంగా మిగిలిపోతుంది. లేనివారికి రుచి ఉండదు, ఉన్నవారి రుచిని ప్రశ్నించే వీలుండదు. అయితే కలిమికీ లేమికీ నడుమ మూడవ స్థితి ఒకటున్నది. ఆకలి తీరి, ఒక వస్తువు మీద నిజమైన ఆసక్తి కలిగి, కోరినదల్లా కొనలేని మనిషి స్థితి అది. అతని రుచినిర్ణయానికి ప్రామాణ్యం ఉన్నదా? ఆ నిర్ణయాన్ని ఇతరులకు చెప్పడంలో అతనికి గల బాధ్యత ఎట్టిది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు స్కాట్లండ్ విస్కీని ఉదాహరణగా స్వీకరించడానికి కారణాలున్నాయి. ఒకే పేరుతో పిలవబడే వస్తువు మామూలు ఉద్యోగికి అందే వెల నుండి వేలంపాటల వెల దాకా విస్తరించి ఉన్నది. దాని తయారీకి స్పష్టమైన చట్టం ఉన్నది. కొనడం, రుచి చూడడం, పోల్చడం, ఆ పోలికను మాటల్లో పెట్టడం దాని అభిమానులకు నిత్యకృత్యం. రుచికి ప్రమాణం ఉన్నదా అని ప్రశ్నించిన డేవిడ్ హ్యూమ్ కూడా స్కాట్లండ్‌ వాడే. మద్యపానాన్ని సమర్థించడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. ఆ ఆక్షేపణను తరువాత విడిగా పరిశీలించడం జరిగింది.

వెలలో ఏమేమి ఉన్నాయి?

2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం ధాన్యం నుండి తీసిన మద్యసారం స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాలలో కనీసం 3 సంవత్సరాలు నిలవ ఉండాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీరు, రంగు కోసం సాదా కారమెల్ తప్ప మరేదీ కలపరాదు. సీసాపై వయస్సు ప్రకటిస్తే అది అందులో కలిసిన విస్కీలన్నింటిలో పిన్నదాని వయస్సు కావాలి. ఈ నిబంధనలు చవక సీసాకూ ఖరీదైన సీసాకూ సమానమే. కాబట్టి తక్కువ వెల గలది స్వభావరీత్యా కల్తీ అనడానికి ఆధారం లేదు.

మరి వెల దేనివల్ల పెరుగుతుంది? మొదటి కారణం కాలం. స్కాట్లండ్‌లో పీపాలోని సరుకు ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. తయారీదారులు దీనిని ‘దేవదూతల వాటా’ అంటారు. ఆ లెక్కన 12 ఏళ్ళలో అయిదో వంతుకు పైగా, 18 ఏళ్ళలో సుమారు 30 శాతం పోతుంది. పోయినదాని ఖరీదు మిగిలినదాని మీద పడుతుంది. కాని కాలం పెరిగినంత మాత్రాన రుచి ఆ నిష్పత్తిలో పెరగదు. పీపా మంచిది కాకపోతే ఏళ్ళు గడిచిన కొద్దీ కొయ్యరుచే మిగలవచ్చు. బెంగళూరు వంటి వేడి ప్రదేశంలో ఏటా ఆవిరయ్యే భాగం 10 శాతం దాకా ఉంటుంది, పీపా ప్రభావం కూడా వేగంగా పడుతుంది. అక్కడ తయారయ్యే అమృత్ సింగిల్ మాల్ట్ 2004లో గ్లాస్గోలో విపణిలోకి వచ్చింది. వయస్సు ప్రకటించని ఆ సంస్థ విస్కీ ‘ఫ్యూజన్’ను విమర్శకుడు జిమ్ మర్రే 2010 నాటి తన గ్రంథంలో ప్రపంచంలో మూడవ స్థానంలో నిలిపాడు. సీసా మీది అంకె రుచికి సూచనే గాని ప్రమాణం కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

కాలం, ధాన్యం, పీపా, పీట్ పొగ, గాఢత అనేవి నాలుకకు అందేవి. సుంకం, పెట్టె అందం, ప్రకటనల ఖర్చు, మూతపడిన డిస్టిలరీ పేరుకున్న గిరాకీ అనేవి నాలుకకు అందనివి. బ్రిటన్‌లో సుంకం ఆల్కహాల్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది, నాణ్యతను బట్టి కాదు. స్కాట్లండ్‌లో 2018 నుండి కనిష్ఠ ధర చట్టం కూడా అమలులో ఉన్నది. 2024 సెప్టెంబరు నుండి ఒక్కొక్క ఆల్కహాల్ యూనిట్‌కు 65 పెన్స్ చొప్పున, 40 శాతం గాఢత గల 700 మిల్లీలీటర్ల సీసాను 18 పౌండ్ల 20 పెన్స్‌కు తక్కువగా అమ్మరాదు. అంటే వెలలో రుచి వెల, రాజ్యం విధించిన వెల, కీర్తి వెల కలిసిపోయి ఉన్నాయి. వెలను విలువగా పొరబడడం ఈ కలయికను గమనించకపోవడం వల్ల కలిగే దోషం.

ప్రమాణానికి అయ్యే ఖర్చు

హ్యూమ్ 1757లో ప్రచురించిన రుచి ప్రమాణ వ్యాసంలో ‘డాన్ క్విక్సోట్’ నుండి ఒక కథ చెప్తాడు. సాంకో పాంజా బంధువులిద్దరు ఒక పీపాలోని ద్రాక్షసారాయాన్ని రుచి చూశారు. బాగున్నది కాని కొంచెం తోలు వాసన ఉన్నదని ఒకడు, ఇనుము రుచి ఉన్నదని మరొకడు అన్నారు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ చేస్తే అడుగున తోలుపట్టీ కట్టిన పాత తాళంచెవి దొరికింది. రుచి వ్యక్తిగతమైనా దానికి వస్తువులో ఆధారం ఉండగలదన్నది ఈ కథ సారం. ఉత్తమ విమర్శకునికి హ్యూమ్ విధించిన లక్షణాలు అయిదు: దృఢమైన వివేకం, సున్నితమైన అనుభూతి, అభ్యాసం, తులన, పక్షపాత రాహిత్యం.

ఈ అయిదింటిలో రెండింటికి డబ్బు కావాలన్న విషయం హ్యూమ్ ప్రస్తావించడు. అభ్యాసానికి పలుమార్లు రుచి చూడాలి, తులనకు పలు రకాలు ఎదుట ఉండాలి. మన అలంకారశాస్త్రంలోనూ ఇటువంటి భావమే కనిపిస్తుంది. భరతుడు రసాస్వాదాన్ని వివరించడానికి నానా వ్యంజనాలతో కూడిన అన్నాన్ని భుజించే సుమనస్కుల ఉపమానాన్ని ఎన్నుకున్నాడు. అభినవగుప్తుని దృష్టిలో సహృదయుని మనస్సు కావ్యానుశీలన అభ్యాసం వల్ల నిర్మలమైన అద్దం వంటిది. కావ్యానుశీలనకు గ్రంథాలయం ఉన్నది. ఒక ప్రతిని వందమంది చదివినా అది తరిగిపోదు. విస్కీ అట్లా కాదు, ఆస్వాదించిన మేరకు తరిగిపోతుంది. కనుక ఇక్కడ ప్రామాణ్యం సంపద చేతిలో చిక్కుకునే ప్రమాదం ఎక్కువ.

దీనికి మితవ్యయులు కనుగొన్న పరిష్కారం పంపకం. పదిమంది తలా ఒక 700 మిల్లీలీటర్ల సీసా కొని, ప్రతి సీసాను 70 మిల్లీలీటర్ల చొప్పున పంచుకుంటే ఒక్కొక్కరికి ఒక సీసా వెలకు పది రకాలు అందుతాయి. ఆ 70 మిల్లీలీటర్లు మూడు దఫాల పరిశీలనకు చాలు. ఈ ఏర్పాటు ఖర్చును తగ్గించడమే కాక నిర్ణయ స్వభావాన్ని కూడా మారుస్తుంది. ఒకే సీసాలోని ద్రవాన్ని పదిమంది రుచి చూసినప్పుడు ‘నాకు అట్లా తోచింది’ అన్న మాట చాలదు. ఎందుకు తోచిందో చెప్పవలసి వస్తుంది. తక్కిన తొమ్మిదిమంది దానిని తమ గ్లాసులో వెదికి చూస్తారు. ఒంటరిగా పది సీసాలు కొనగలిగిన ధనికునికి ఈ పరీక్ష దానంతట అది ఎదురుకాదు.

వెల కలిగించే వివశత్వం

మితవ్యయం వల్ల రుచి దానంతట అదే నిర్మలమవుతుందని దీని అర్థం కాదు. కాలిఫోర్నియాలో ద్రాక్షసారాయం మీద జరిగి 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగం ప్రసిద్ధం. 90 డాలర్ల వైన్‌నే ఒకసారి 10 డాలర్లదని, మరొకసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చారు. ఎక్కువ వెల చెప్పినప్పుడు అది ఎక్కువ బాగున్నదని పాల్గొన్నవారు అన్నారు. మెదడులో సుఖానుభవంతో ముడిపడిన భాగం చలనం కూడా పెరిగినట్లు తేలింది. కనుక వారు అబద్ధం చెప్పలేదు, వారికి కలిగిన సుఖం నిజమే. ఆ సుఖానికి కారణం గ్లాసులో ఉన్నదన్న నమ్మకం మాత్రం నిజం కాదు.

అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో ‘నిజసుఖాది వివశీభావం’ ఒకటి. తన సొంత సుఖదుఃఖాలకు లొంగిపోయినవాడు ఎదుట ఉన్నదానిని ఆస్వాదించలేడు. వెల ఇటువంటి వివశత్వాన్ని మూడు విధాల కలిగిస్తుంది. ధనికునికి వెల గర్వకారణమై రుచిని పెంచి చూపుతుంది. నెలల తరబడి కూడబెట్టి ఒక సీసా కొన్నవానికి ఆ త్యాగం వృథా కాకూడదన్న కోరిక రుచిని పెంచి చూపుతుంది. కొనలేకపోయినవానికి ‘అందని ద్రాక్షపండ్లు పుల్లన’ అన్న సామెత వర్తిస్తుంది. అతడు ఖరీదైనవన్నీ మోసమని, చవకైనదే ఘనమని ప్రకటిస్తాడు. చివరి రెండూ మితవ్యయునికి సహజంగా ఎదురయ్యే దోషాలు. వాటిని గుర్తించకుండా మితవ్యయాన్ని కీర్తించడం మరొక పక్షపాతమే అవుతుంది.

ఈ దోషాలకు విరుగుడు పేరు, వెల తెలియకుండా రుచి చూడడం. మూడు గ్లాసుల పరీక్ష అందులో సులభమైనది. రెండింటిలో ఒకటే విస్కీ, మూడవదానిలో వేరొకటి పోసి, వేరైనది ఏదో చెప్పమంటారు. ఊహతో చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది. మూడు దఫాలూ ఊహతో సరిపోయే అవకాశం 27లో ఒకటి మాత్రమే. రెండింటికీ భేదం ఉన్నదో లేదో తేల్చుకోలేనివాడు ఏది మేలైనదో చెప్పడానికి తొందరపడరాదు. రచయిత పేరు తొలగించి వ్యాసాన్ని పరిశీలకులకు పంపే పరిశోధన పత్రికల సంప్రదాయంలోని ధర్మం కూడా ఇదే.

అయితే అజ్ఞానమే నిష్పక్షపాతం అనుకోవడం పొరపాటు. ఐలా ద్వీపపు విస్కీలలో చాలావాటికి పీట్ పొగతో ఆరబెట్టిన బార్లీ వాడతారని తెలిసినవాడు ఆ పొగ వెనుక ఉన్న ఇతర రుచుల కోసం వెదుకుతాడు. తెలియనివాడు మొదటి గుక్కలోనే ఔషధపు వాసనగా తోసిపుచ్చవచ్చు. కావ్యం పుట్టిన కాలం, స్థలం తెలిసి చదవడం వంటిదే ఇది. దృష్టిని వస్తువు మీదకు మళ్ళించే జ్ఞానం ఒకటి, చూడకముందే తీర్పు చెప్పించే జ్ఞానం మరొకటి. వెల సాధారణంగా రెండవ కోవకు చెందుతుంది.

మత్తును గురించిన ఆక్షేపణ

ఇంతవరకు సాగిన చర్చపై ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. మత్తుపదార్థం విషయంలో రసజ్ఞత అనే మాట వాడడం మత్తుకు మర్యాద వేషం వేయడమే కదా? తెలుగునేల మీద ఈ ప్రశ్నకు అదనపు బరువున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించినా ఆ మహిళలు లేవనెత్తిన ప్రశ్న సడలలేదు. ఇంటి కూలిడబ్బు సారా దుకాణానికి పోతున్నప్పుడు మితవ్యయమన్న మాటకు అర్థమేమిటన్నది ఆ ప్రశ్న. ఆరోగ్యరీత్యా సురక్షితమైన మద్యపాన పరిమాణమంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

ఈ ఆక్షేపణను పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. కాని రుచినీ మత్తునూ వేరుచేసి చూసే పరీక్ష ఒకటి ఆ వృత్తిలోనే ఉన్నది. విస్కీలను కలిపే నిపుణులు సాధారణంగా నమూనాను నీటితో 20 శాతం గాఢతకు తగ్గించి, ముఖ్యంగా వాసన చూసి నిర్ణయిస్తారు. రోజుకు అనేక నమూనాలు చూడవలసినవారు మింగుతూ పోతే పనిచేయలేరు. మత్తు పెరిగిన కొద్దీ తులనాశక్తి తరుగుతుంది. కాబట్టి రసజ్ఞుడనని చెప్పుకునేవాడు తనను తాను ఇట్లా ప్రశ్నించుకోవచ్చు: ఈ గ్లాసులో మత్తు తీసివేస్తే నాకు దీనిలో ఆసక్తి మిగులుతుందా? మిగలదన్నది సమాధానమైతే అతని పదజాలమంతా అలంకారమే. మిగులుతుందన్నా అది తాగడానికి అనుమతిపత్రం కాదు. ఇంటి అవసరాలకు చెందవలసిన డబ్బుతో కొన్న సీసా విషయంలో రుచి ప్రశ్నకు ముందే ధర్మప్రశ్న తీరిపోతుంది. తన కోసమని మిగిలిన డబ్బులోనే, ఎవరికీ లోటు చేయకుండా సాగేది మాత్రమే మితవ్యయం.

ఉపసంహారం

1790లో కాంట్ ఒక భేదం చూపాడు. కానరీ దీవుల వైన్ ఇంపుగా ఉన్నదని చెప్పేవానిని ఎవరైనా సవరించి ‘నాకు ఇంపుగా ఉన్నది’ అనమంటే అతడు అభ్యంతరం చెప్పడు. సుందరమైనదనే నిర్ణయం మాత్రం అందరి అంగీకారాన్నీ కోరుతుంది. మితవ్యయుని అనుభవం ఈ రెండింటికి మూడవ వాక్యాన్ని చేరుస్తున్నది. ‘ఇది నాకు నచ్చింది’ అన్నది మొదటిది, దానికి సాక్షి తానొక్కడే. ‘ఇది మేలైనది’ అన్నది రెండవది, దానికి తులన, అభ్యాసం, ఇతరుల పరీక్ష కావాలి. ‘ఇది ఈ వెలకు తగినది’ అన్నది మూడవది, దానికి వినేవాని స్థితి కూడా తెలిసి ఉండాలి.

ఈ మూడవ వాక్యం దగ్గర రుచి నీతి పరిధిలోకి వస్తుంది. ‘తప్పక కొనండి’ అన్న సలహా పొరపాటైతే ధనికుని అలమరలో అక్కరలేని సీసా ఒకటి పెరుగుతుంది, అంతే. మితవ్యయునికి కొన్ని నెలల పొదుపు పోతుంది. సలహా ఒకటే అయినా నష్టం ఒకటి కాదు. నచ్చినదానిని మేలైనదిగా, మేలైనదానిని వెలకు తగినదిగా కలగలిపి చెప్పేవాడు తన సుఖానికి ఇతరుల చేత ఖర్చు పెట్టిస్తున్నాడు. డబ్బు అవరోధంగా లేనివానికి ఈ మూడు వాక్యాలను వేరుచేయవలసిన అవసరం అరుదుగా వస్తుంది. మితవ్యయుడు మాత్రం దుకాణంలో సీసా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ వాటిని వేరుచేసుకోక తప్పదు. అతని నిర్ణయానికి ప్రామాణ్యం ఏదైనా ఉంటే అది ఈ అలవాటు వల్ల వచ్చినదే. అతని బాధ్యత కూడా అందులోనే ఉన్నది: తాను ఏ వాక్యం చెబుతున్నాడో వినేవానికి తెలిసేటట్లు చెప్పడం, ఎంత వెల పెట్టి, ఎన్నింటితో పోల్చి, పేరు చూసి చెబుతున్నాడో చూడకుండా చెబుతున్నాడో దాచకపోవడం.