బాలింత కన్నీరు

వాక్యభాగములు: 1 సమూయేలు 4:19-22, 1 రాజులు 19:1-8



మన యిండ్లలో బిడ్డ పుట్టగానే అందరి కన్నులు ఊయలమీదనే యుండును. ఎవరి పోలిక, ఎంత బరువు, పాలు బాగుగా త్రాగుచున్నాడా అని వచ్చినవారెల్ల అడుగుదురు. గోడవైపు తిరిగి పండుకొనిన తల్లి ఎట్లున్నదని అడుగువారు కొద్దిమందియే. ఆమె కన్నీరు పెట్టిన యెడల, "బంగారంలాంటి బిడ్డను దేవుడిచ్చినాడు, ఏడవకూడదమ్మా" అని మందలింతురు. అప్పుడామె కొంగుతో కన్నులు తుడుచుకొని, ఎవరును లేనప్పుడు ఏడ్చును.

సమూయేలు మొదటి గ్రంథములో ఫీనెహాసు భార్యను చూడుడి. ఆమె నిండు చూలాలు. దేవుని మందసము పట్టబడెననియు, మామయు పెనిమిటియు చనిపోయిరనియు వినినప్పుడు ఆమెకు నొప్పులు వచ్చి ప్రసవమాయెను. దగ్గర నిలిచిన స్త్రీలు భయపడవద్దనియు, కుమారుని కంటివనియు ఆమెతో చెప్పిరి. వారు చెప్పినది నిజమే. వారి మనస్సు మంచిదే. అయినను ఆమె వారికి ప్రత్యుత్తరమియ్యలేదు, ఆ మాట లక్ష్యపెట్టలేదు. ఆమెకు వచ్చిన ఆపద వేరు. నేటి బాలింతకు అట్టి కీడేమియు జరుగకున్నను దుఃఖము రావచ్చును. అయితే ఇందులో మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు: బిడ్డ పుట్టిన సంతోషము తల్లి మనస్సులోని భారమును దానంతట అదే తీసివేయదు.

ఈ దుఃఖము ఎక్కడనుండి వచ్చును? బిడ్డ కడుపులోనున్నంత కాలము తల్లి రక్తములో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అను హార్మోనులు మిక్కుటముగా నుండును. మాయ పడిన కొద్ది దినములలోనే అవి అమాంతముగా తగ్గిపోవును. శరీరపు నొప్పియు, రాత్రుల నిద్రలేమియు దానితో కూడును. అందుచేత కాన్పైన రెండు మూడు దినములకు అనేకమంది తల్లులకు ఊరకయే ఏడుపు, చిరాకు, దిగులు కలుగును. విశ్రాంతియు ఆదరణయు దొరికిన యెడల సాధారణముగా రెండు వారములలో అది పోవును.

రెండు వారములు దాటినను పోనిది వేరు, అది వ్యాధి. బిడ్డ నిద్రించినను తల్లికి నిద్ర పట్టదు. అన్నము సహింపదు. బిడ్డకేమి కీడు వచ్చునో అని గుండె దడదడలాడును. ఊపిరి ఆడుచున్నదో లేదో అని రాత్రియంతయు మాటిమాటికి చూచును. బిడ్డమీద మమకారము కలుగుట లేదని తన్ను తానే నిందించుకొనును. కొందరు చావే మేలని తలంతురు. మన దేశములో జరిగిన 38 పరిశోధనలను కూర్చి పరిశీలించిన వ్యాసమొకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పత్రికలో వచ్చినది. నూటికి సుమారు 22 మంది తల్లులకు కాన్పు తరువాత ఈ కుంగుబాటు కలుగుచున్నదని అందులో తేలినది. అనగా ఐదుగురిలో ఒకరు. మన చంద్రగిరి చుట్టుప్రక్కల పల్లెలలో ఏ సంఘమునకును ఇది దూరపు సంగతి కాదు.

అయితే మనవారేమందురు? గాలి సోకినదని కొందరు, దిష్టి తగిలినదని కొందరు. విశ్వాసులు సయితము, "ప్రార్థన తక్కువైనది" అందురు. ప్రియులారా, ఏలీయా ప్రార్థన తక్కువైనవాడా? కర్మెలుమీద అగ్ని దిగుట కన్నులార చూచిన ప్రవక్త, ఆ తరువాత బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడతనిని అప్పుడు గద్దింపలేదు. దూత అతని తట్టి లేపి, రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని త్రాగి మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చి మరల భోజనము చేయుమనెను, ప్రయాణము అతని శక్తికి మించినది గనుక. దేవుడు అతనితో మాటలాడినది ఆ తరువాతనే.

అమ్మలారా, అత్తలారా, ఆ దూత పని మీ చేతిలో నున్నది. కొన్ని యిండ్లలో పథ్యమని బాలింతకు నీళ్లు సయితము కొలిచి యిత్తురు. అట్లు చేయక కడుపునిండ పెట్టుడి. పాలిచ్చిన తరువాత బిడ్డను మీరెత్తుకొని, రాత్రి ఒక జామైనను ఆమెను నిద్రపోనియ్యుడి. ఆడుబిడ్డ పుట్టినదని ఆమె యెదుట నిట్టూర్పు విడువకుడి. భర్తలారా, భార్య పుట్టింటనుండగా ఫోనులో బిడ్డను చూపుమనుటకు ముందు, "రాత్రి నిద్ర పట్టిందా?" అని ఆమెను అడుగుడి.

ఆదరణతో తీరనిదానికి వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు. మన పొరుగున వేలూరులో ఐడా స్కడ్డరు దొరసాని 1900లో వైద్యము మొదలుపెట్టినది ఎందుకు? స్త్రీ వైద్యురాలు లేనందున కాన్పు కష్టములో ప్రాణము విడిచిన తల్లులను చూచి గదా! అదే ఆసుపత్రివారు 1957లో బాగాయములో మానసిక వైద్యశాలను తెరచి, రోగితో ఇంటివారు కూడ ఉండునట్లు ఏర్పాటు చేసిరి. తల్లి దేహమునకు వైద్యము దేవుని వరమైతే, ఆమె మనస్సునకు వైద్యమును ఆయన వరమే. పాలిచ్చు తల్లులు వాడదగిన మందులును కలవు, వైద్యుని అడుగుడి. ఆశా కార్యకర్తతో చెప్పుడి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, తిరుపతి రుయా ఆసుపత్రికో తీసికొనిపొండి. 14416 అను టెలి మానస్ నంబరునకు రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. ఒకవేళ బాలింత పొంతనలేని మాటలాడినను, లేని స్వరములు వినబడుచున్నవనినను, తనకో బిడ్డకో హాని చేయుదుననినను, ఒంటరిగా విడువక ఆ దినమే ఆసుపత్రికి చేర్చుడి.

మన ప్రభువు సిలువమీద వ్రేలాడుచు తన తల్లిని చూచి, ఆమెను శిష్యుని కప్పగించెను. ఆ గడియనుండి అతడు ఆమెను తన యింట చేర్చుకొనెను. కాబట్టి సంఘములో కాన్పు జరిగినప్పుడు స్త్రీల సమాజమువారు ఇద్దరు పదునైదవ దినమున తప్పక వెళ్లవలెను. కూర వండి తీసికొనిపోయి, బిడ్డను చూచుటకు ముందు తల్లి ప్రక్కన కూర్చుండవలెను. ఆమె ఏడ్చిన యెడల ఏడవనియ్యవలెను.

తల్లీ, ఈ పత్రిక నీ చేతిలో నున్నయెడల ఇది వినుము. నీ కన్నీరు పాపము కాదు. నీవు చెడ్డ తల్లివి కావు. నీకు ప్రార్థింప శక్తి లేని దినములలో నీ కొరకు మేము ప్రార్థించుదుము. నీ మనస్సులోనిది ఒక్కరితోనైనను ఈ దినమే చెప్పుము.

ఏలీయాను తట్టి లేపిన దేవుడు మన బాలింతలను ఆదరించి, వారికి నిద్రయు నెమ్మదియు దయచేయును గాక. ఆమేన్.