దంతవైద్యుని దయ

ఎదుట నున్నవాని బాధను దీర్చుట దయ యని మనమెల్లర మందుము. కంటికి గానరానివారికి గలుగు కీడును లెక్కింపక చేసిన మేలు దయ యగునా యని మాత్రము సామాన్యముగా విచారింపము. ఈ ప్రశ్నము వేదాంతగోష్ఠులలోనే గాదు, అమలాపురమునందో రాజోలునందో ఒక దంతవైద్యుని ముంగిటను గూడ పుట్టుచున్నది.

లంకగ్రామమునుండి రేవు దాటి ఒక కూలిమనిషి సాయంకాలమునకు వైద్యుని యొద్దకు వచ్చె ననుకొందము. పిప్పిపన్ను పోటుచే అతనికి రెండు రాత్రులు నిద్ర లేదు. నాటి కూలి పోయినది. రూట్ కెనాల్ చేయవలెనన్నచో పలుమారులు రావలసివచ్చును, వేలకొలది రూపాయలగును. అమాక్సిసిలిన్ బిళ్లల కంత సొమ్మక్కరలేదు. “ఈ పూటకి బిళ్లలు రాసిచ్చేయండి, డాక్టరుగారూ” అని అతడు వేడును. వైద్యుడు వ్రాసి యిచ్చును. ఇందు దోష మెక్కడ?

పంటి నడిమి గుల్లలో మెత్తని మజ్జయు, నరమును, నెత్తుటినాళములును ఉండును. పుచ్చినదారిని సూక్ష్మజీవులు లోపల జొచ్చినపుడు మజ్జ వాచును. చుట్టును గట్టిగోడ యగుటచే వాపునకు చోటు చాలక పోటు పుట్టును. తుదకు మజ్జ చచ్చును. మ్రింగిన మందు నెత్తుటి వెంటనే గదా పోవలసినది! నెత్తురు పారని చోటి కది యెట్లు చేరును? రూట్ కెనాల్ అనగా వేరులోని కాలువ. కాలువలసీమవారమైన మన కీ పేరు వింతగా దోపరాదు. నీరెండిన కాలువలో పడవ నడుపజూచుట యెట్టిదో ఇదియు నట్టిదే. మజ్జ చచ్చిన పిదప పోటు తనంతనే కొన్నాళ్లు తగ్గుట కలదు. రోగి యా కీర్తిని బిళ్లకు గట్టబెట్టి, మరుసటిమారు నేరుగా మందుల దుకాణమునకే పోవును.

అమెరికా దంతవైద్యసంఘము 2019 లో ప్రకటించిన సూత్రములును ఇట్లే యున్నవి. ఇతర రోగములచే శరీరము దుర్బలము గాని పెద్దలకు, వెంటనే పన్ను తెరచి చికిత్స చేయ వీలున్నయెడల, ఇట్టి పోటునకు గాని ఒకచోటనే నిలిచిన చీముగడ్డకు గాని సాధారణముగా యాంటీబయాటిక్ అక్కరలేదు. జ్వరము వచ్చి వాపు ప్రాకుచున్నచో ఆ మందు కావలసినదే. మ్రింగుటకో ఊపిరి పీల్చుటకో కష్టమైనచో క్షణమైన తాళక ఆసుపత్రికి బోవలెను.

“పనికిరాకున్న బోనిండు, హాని యేమి?” అని కొందరడుగుదురు. బిళ్ల చచ్చిన పంటిలోనికి జేరకున్నను ఒడలంతట వ్యాపించును. పేగులలోని సూక్ష్మజీవులలో మందునకు లొంగునవి చచ్చి, లొంగనివి మిగిలి వృద్ధి పొందును. ఒకరినుండి మరియొకరికి సంక్రమించును. 1928 లో పెన్సిలిన్‌ను గనుగొన్న ఫ్లెమింగ్ తన 1945 నాటి నోబెల్ ఉపన్యాసమున, మందు చాలీచాలక వాడినచో సూక్ష్మజీవు లిట్లు మొండికెత్తునని హెచ్చరించెను. మన భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున జరిగిన పరిశోధనల ఫలితముగా ఆరియోమైసిన్ 1948 లో లోకమునకు వెల్లడియైనది. ఇట్టి మందులకు లొంగని సూక్ష్మజీవులు 2019 లో ఒక్క యేటనే నేరుగా 12 లక్షల 70 వేల మందిని బలిగొన్నవని శాస్త్రజ్ఞుల అంచనా.

ఎగువ రైతు తన చేనికి అక్కరలేకున్నను తూము తెరచిపెట్టినచో శివారుచేను ఎండును. శివారువాని మొగము ఎగువవానికి గానరాదు. ఈ మందుల శక్తియు ఉమ్మడినీరే. అయినను, పోటుతో వచ్చిన కూలిమనిషికి శివారు రైతు కథ చెప్పి పంపుట క్రూరము. ఇక్కడనే మనము పొరబడుచున్నాము. రోగికిని లోకమునకును నడుమ వివాద మున్నట్లు తోచును గాని, నిజమునకు లేదు. ఆ సాయంకాలమే పన్ను తెరచి చీము వెడలించి, నొప్పి తగ్గించు మందిచ్చినచో అతనికిని సుఖము, లోకమునకును కీడు లేదు. బిళ్లలచీటి ఈ యిరువురిలో నెవరికిని మేలు చేయదు. అది వైద్యుని కరగంట కాలమును మిగుల్చును. రోగి ప్రక్కవీధి వైద్యుని యొద్దకు బోవునను భయమును బాపును. కఠోపనిషత్తు ప్రేయస్సనునది ఇదియే కాబోలు, అదియు వైద్యుని ప్రేయస్సు!

కాని దంతవైద్యుల నొక్కరినే నిందించుట న్యాయము గాదు. కూలిమనిషికి కూలిపోవు నను కారణమైన గలదు. కారులో వచ్చి, పెండ్లిప్రయాణపు తొందరలో “గట్టిమందు వ్రాయు”డని శాసించు చదువరులమైన మనకు ఆ కారణమును లేదు.

రూట్ కెనాల్‌కు సొమ్ము లేనివానికి పన్ను తీయించుకొనుటయు చికిత్సయే. దానికి వ్యయము స్వల్పము. రోగమూలమును దానితోనే పోవును. పన్ను నిలుపుకొన దలచినచో, నేడు తెరచి చీము తీసి, తక్కిన పని కూలిడబ్బులు చేతబడిన వారమున ముగింపవచ్చును. బిళ్లల చీటి వ్రాయుటకు బూనకముందే వైద్యుడు ఈ రెండు మార్గములను, వాని ఖర్చును అతనికి దెలిపి, ఏది కావలెనో అతనినే యడుగవలెను.