మంచు కింద పంచదార



అమెరికాలో బోజ్‌మన్ పట్టణంలోని మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయంలో మంచుశాస్త్రం చదువుకోవచ్చు. ఇందులో అసలు పాఠం కొండ మీదే. విద్యార్థి చేతికి పార వస్తుంది. వాలు మీద మంచును నిలువునా తవ్వి, గోడలా చదును చేసి, పొరలు చూడాలి. పైపొర గట్టిగా ఉండొచ్చు. అడుగున ఒక్కోసారి గుప్పిట పడితే పంచదారలా జారిపోయే పలుకులుంటాయి. పైబరువంతా వాటి మీదే! అది జారితే కొండవాలే కదిలినట్టుంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ.

ఆ తర్వాత 30 సెంటీమీటర్ల చదరంలో మంచు స్తంభం కోసి, పైన పార ఆనించి తడతారు. మణికట్టుతో 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10. ఎన్నో దెబ్బకు ఏ పొర విరిగిందో రాసుకోవాలి.

చివర్లో కోర్సు ఎలా ఉందో రాసి, మార్కులు వేయమని విద్యార్థుల్ని అడుగుతారు. చలి, తడిసిన చేతితొడుగులు, బరువైన సంచీ... ఫిర్యాదులకు కొదవుండదు. నన్నడిగితే ఒకటే రాసేవాణ్ణి: పుస్తకంలో బలహీనమైన పొర అంటే ఒక గీత. ఇక్కడ అది నా వేళ్ల సందుల్లోంచి రాలింది.

మార్కుల గడి ఖాళీగా వదిలేసేవాణ్ణేమో.