పరీక్ష ఎవరిది?

అక్టోబరు నెల సగం దాటేసరికి సిడ్నీ వీధుల్లో జాకరాండా చెట్లు ఊదారంగు పూలు తొడుగుతాయి. చూడవచ్చినవారికి అది కన్నుల పండుగ. పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్ళకు మాత్రం గుండెదడ. జాకరాండా పూసేదాకా పుస్తకం పట్టనివాడు ఇక పట్టీ లాభం లేదని ఇక్కడి విద్యార్థుల్లో ఒక మాట ఉన్నది. బ్రిస్బేన్‌లోనైతే ఆ రోజులకు ఊదారంగు గాభరా అనే పేరే పెట్టుకున్నారు.

మన ఊళ్ళలో పరీక్షలంటే మార్చి నెల. మామిడి పిందెలు, ఉగాది పచ్చడి, అప్పుడే మొదలవుతున్న ఎండ. ఇక్కడ దసరా వెళ్ళి దీపావళి వచ్చే రోజుల్లో హెచ్.ఎస్.సి. వచ్చి పడుతుంది. సెప్టెంబరు చివర బడిలో వీడ్కోలు సభ జరుగుతుంది. పిల్లలు చొక్కాల మీద ఒకరికొకరు సంతకాలు చేసుకుంటారు, ఏడుస్తారు, నవ్వుతారు. పట్టుమని మూడు వారాలు తిరక్కుండానే ఇంగ్లీషు మొదటి పేపరు. మెల్‌బోర్న్‌లోని మన మిత్రులకు వి.సి.ఇ. మరి కొద్ది రోజుల తర్వాత మొదలై, గుర్రప్పందేల సెలవును మధ్యలో పెట్టుకుని నవంబరు దాకా సాగుతుంది.

ఈ రోజుల్లో మన ఇళ్ళ సంగతి మనకు తెలియనిది కాదు. టీవీ గొంతు తగ్గుతుంది. పోపు వాసన గదిలోకి వెళ్ళకుండా తలుపు మూస్తాము. అమ్మమ్మ అక్కడ తెనాలిలోనో ఖమ్మంలోనో మొక్కు మొక్కుతుంది. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరుని సన్నిధిలో పెన్నులు పెట్టించి తెస్తాము. ఎవరైనా భోజనానికి పిలిస్తే, "ఈ ఏడు రాలేమండీ, మాకు పరీక్షలు" అంటాము.

ఆ "మాకు" అనే మాట దగ్గరే మేము కొంతకాలంగా ఆగిపోయాము. "మా అబ్బాయికి పరీక్షలు" అనము, "మా అమ్మాయికి" అనము. "మాకు పరీక్షలు" అంటాము. ఇది ప్రేమతో వచ్చిన మాటే. నీ కష్టం నీ ఒక్కడిదీ కాదు, ఇంటిల్లిపాదిదీ అని భరోసా ఇచ్చే మాట. అయితే అందులోనే మరొక అర్థం కూడా పొంచి ఉన్నది. పరీక్ష మాదే అయినప్పుడు ఫలితమూ మాదే అవుతుంది. గెలిస్తే గెలుపు మాది. ఓడితే, నువ్వు మమ్మల్ని ఓడించావన్నమాట. పదిహేడేళ్ళ పిల్ల తన పేపరుతో పాటు ఇంతమంది పరువునూ పరీక్ష హాలులోకి మోసుకుపోవాలా? ఇది మనం ఒకరినొకరం అడుక్కోవలసిన ప్రశ్న అని మాకు తోస్తున్నది.

ముందుగా ఆ అంకె సంగతి చూద్దాము. హెచ్.ఎస్.సి. మార్కుల్లో సగం ఏడాది పొడుగునా బడిలో చేసిన పనికి, సగం చివరి పరీక్షకు. ఆ మార్కులను తీసుకుని విశ్వవిద్యాలయాల ప్రవేశ కేంద్రం ఏటార్ అనే అంకె కడుతుంది. ఒకప్పుడు టి.ఇ.ఆర్. అనేవారు, 1998 నుంచి యు.ఏ.ఐ. అన్నారు, 2009 నుంచి ఏటార్ అంటున్నారు. పేరు ఏదైనా అది మార్కు కాదు, వరుసలో స్థానం. ఎనభై వచ్చిందంటే నూటికి ఎనభై మార్కులని అర్థం కాదు. తన ఈడు పిల్లల్లో ఎనభై శాతం మందికన్న ముందున్నాడని అర్థం. అందరికన్న పై మెట్టు 99.95.

మార్కుకూ వరుసకూ ఉన్న తేడా చిన్నది కాదు. పిల్లవాడు లెక్కలు బాగా నేర్చుకోవాలని కోరితే ఆ కోరికవల్ల ఎవరికీ నష్టం లేదు. ఊళ్ళో పిల్లలందరూ లెక్కలు బాగా నేర్వవచ్చు. కాని వాడు 99 దాటాలని కోరినప్పుడు తొంభైతొమ్మిది మంది వెనక ఉండాలని కూడా కోరుతున్నాము. మనందరమూ ఒకే గుడికి వెళ్ళి, ఒకే స్వామిని, మా పిల్ల ముందుండాలని అడుగుతున్నాము. ఆయన ఆ లెక్క ఎలా కుదురుస్తాడో ఆయనకే ఎరుక!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పరీక్షను తిట్టిపోసే హక్కు మనకు లేదు. మనం ఇక్కడికి వచ్చినదే పరీక్షల మెట్లమీదుగా. ఇంటర్మీడియట్, ఎంసెట్, ఆపైన ఇక్కడి వీసాకు పాయింట్ల లెక్క. వయసుకు ఇన్ని, చదువుకు ఇన్ని, ఇంగ్లీషుకు ఇన్ని అని కూడి చూసి ఈ దేశం మనల్ని రానిచ్చింది. పైగా పరీక్షలో ఒక న్యాయం ఉన్నది. జవాబు పత్రం మీద అంకె ఉంటుంది గాని పేరుండదు, కులముండదు, తండ్రి ఉద్యోగముండదు. పల్లెటూరి బడిపంతులు కొడుకు జిల్లా కలెక్టరు కొడుకుతో సమానంగా కూర్చున్నది ఆ బల్ల దగ్గరే. ఇక్కడా అంతే, దిద్దేవారికి కనబడేది విద్యార్థి సంఖ్యే గాని, పలకడానికి నోరు తిరగని మన ఇంటిపేరు కాదు. అంచేత పరీక్ష చెడ్డదని మేము అనడం లేదు. పరీక్ష ఒక తలుపు. తలుపును దేవుణ్ణి చేసి మొక్కడమే పొరపాటు.

పెద్దవారొకరు మాతో వాదించారు: "ఒత్తిడి లేకపోతే మనం ఇంతదూరం వచ్చేవాళ్ళమా? మా నాన్న బెల్టు తీయబట్టేగా నేను ఇంజనీరునయ్యాను!" ఈ మాటకు బలమున్నది, కాదనలేము. కాని ఈ సాక్ష్యం చెబుతున్నది ఎవరు? దాటినవారు. అదే బెల్టు కింద నలిగి చదువు మానినవారు, ఇంట్లోంచి పారిపోయినవారు, పుస్తకం చూస్తేనే చేతులు వణికినవారు మన తరగతుల్లో ఉండేవారు. వారు ఈ సంఘంలో సభ్యులు కారు గనుక వారి మాట మనకు వినబడదు. ఒడ్డుకు చేరినవారిని మాత్రమే అడిగి ఏటి లోతు చెప్పరాదు.

అంకెను మనిషికి అంటించితే ఏమవుతుందో ఈ నగరం ఒకసారి చూసింది. 1997 జనవరి 8న డైలీ టెలిగ్రాఫ్ పత్రిక మౌంట్ డ్రూయిట్ ఉన్నత పాఠశాల పన్నెండో తరగతి పిల్లల బొమ్మను మొదటి పేజీలో వేసి, వారిలో ఒక్కరికీ టి.ఇ.ఆర్. 50 దాటలేదని రాసింది. మనం ఓడించిన తరగతి అని దాని శీర్షిక. తప్పు వ్యవస్థది అన్నట్టే ఉన్నది శీర్షిక. బొమ్మ మాత్రం పిల్లలది. అందులో చదువుకు పెద్దగా అంకె అక్కరలేని దారి ఎంచుకున్నవారు ఉండవచ్చు, ఇల్లు గడవడానికి పనిచేస్తూ చదివినవారు ఉండవచ్చు. అవేవీ బొమ్మలో కనబడవు. ఆ పిల్లలు పరువు నష్టానికి దావా వేశారు. 2000లో పత్రిక క్షమాపణ చెప్పి రాజీపడింది. ఆ మౌంట్ డ్రూయిట్ చుట్టుపక్కలనే ఈనాడు మనవారెందరో ఇళ్ళు కట్టుకున్నారు. మనం వార్తాపత్రిక కాకపోవచ్చు. కాని ఫలితాల నాడు మన వాట్సాప్ గుంపులో ఎవరి పిల్లకెంత అని అడగడం చిన్నపాటి మొదటి పేజీయే కదా!

మన గడ్డమీద జరిగినది ఇంతకన్న ఘోరం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పులతడకగా వచ్చాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అన్నారు. మళ్ళీ చూస్తే 99. ఫలితాలు వచ్చిన తర్వాతి రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆనక ప్రభుత్వం తప్పినవారి పత్రాలన్నీ తిరగదోడితే వెయ్యిమందికి పైగా పాసైనవారే అని తేలింది. అంకెలు తప్పు కావచ్చునని ఆ పిల్లలకు ఎవరూ ముందు చెప్పలేదు. సరే, అంకె తప్పు కాకపోతే మాత్రం? నిజంగానే తప్పినవారి ప్రాణం విలువ తగ్గుతుందా? తగ్గదని మనందరికీ తెలుసు. ఆ తెలిసినదాన్ని ఇంట్లో బిగ్గరగా ఎన్నిసార్లు అన్నామన్నదే ప్రశ్న.

ఇక మన మనసుకు కష్టం కలిగించే చోటికి వద్దాము. "నీ కోసమే ఈ దేశం వచ్చాము. నీ కోసమే అమ్మానాన్నలను అక్కడ వదిలి వచ్చాము." ఈ మాట అనని ఇల్లు మనలో ఉన్నదా? మా ఇంట్లోనూ అన్నాము. తర్వాత ఒక రాత్రి తీరికగా లెక్క చూసుకుంటే అది పూర్తి నిజం కాదని తేలింది. వచ్చినప్పుడు మా అమ్మాయి పుట్టనే లేదు. మంచి జీతానికి వచ్చాము, కొత్త దేశం చూడాలన్న సరదాకు వచ్చాము, తోటివారు వెళుతున్నారని వచ్చాము. ఆ నిర్ణయం మాది, దాని సుఖం మేము అనుభవిస్తున్నాము, దాని బెంగ కూడా మాదే. తను చేయని అప్పుకు తనచేత పత్రం రాయించుకోవడం ఏ ధర్మం? పిల్లలను పెంచడం మన బాధ్యత. అప్పు ఇవ్వడం కాదు, ఏటార్ రూపంలో వడ్డీతో వసూలు చేసుకోవడానికి.

గీతలో చెప్పినది మనకు కంఠతా వచ్చు: పని నీది, ఫలం నీది కాదు అని. ఆదివారం పిల్లలకు వల్లె వేయిస్తాము. సోమవారం ట్రయల్ పరీక్షల మార్కులు చూసి, "దీనికి ఏటార్ ఎంత వస్తుంది?" అంటాము. పిల్లలు రెండు మాటలూ వింటారు. దేన్ని నమ్మాలో వాళ్ళకు బాగా తెలుసు.

మా తప్పు ఒకటి చెప్పి ముందుకు పోతాము. మా అమ్మాయి లెక్కల పరీక్ష రాసి బయటికి వచ్చిన రోజున గేటు దగ్గరే, "ఎలా రాశావు?" అని అడిగాము. "బాగానే" అన్నది. "చివరి లెక్క వచ్చిందా? ఎన్ని పోయాయి?" అక్కడినుంచి ఇల్లు చేరేదాకా ప్రశ్నలే. ఆ రాత్రి అన్నం దగ్గర నెమ్మదిగా అన్నది: "పరీక్ష మూడు గంటలే నాన్నా. కారులోనే చాలాసేపు పట్టింది." మాకు జవాబు లేకపోయింది.

అయితే చేయవలసినదేమిటి? మేము వైద్యులము కాము, మాకు తెలిసినది మాత్రం చెబుతాము. ఈ రోజుల్లో నిద్రను తగ్గించి పుస్తకాన్ని పెంచడం లాభసాటి బేరం కాదు. పరీక్ష ముగిసిన పేపరును మళ్ళీ విప్పవద్దు. పిల్లవాడు జబ్బుపడితే, ఇంట్లో ఏదైనా ఆపద వస్తే, దాన్ని లెక్కలోకి తీసుకోమని దరఖాస్తు చేసుకునే ఏర్పాటు ఇక్కడ ఉన్నది. పరువు పోతుందని మనవారు వాడుకోరు. అనుకున్న అంకె రాకపోయినా తలుపులు మూసుకుపోవు. టేఫ్‌లో చేరి అక్కడినుంచి విశ్వవిద్యాలయానికి వెళ్ళవచ్చు. ఒక కోర్సులో చేరి, ఏడాది బాగా చదివి మరొక దానికి మారవచ్చు. ఈ దారులను పరీక్షకు ముందే, మామూలు గొంతుతో, మామూలు దారులుగా పిల్లలకు చెప్పండి. ఫలితం చెడ్డాక చెబితే అది ఓదార్పులా వినబడుతుంది.

పిల్ల తినడం మానినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, పరీక్షలయ్యాక చూద్దామని ఊరుకోకండి. మీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800, లైఫ్‌లైన్ 13 11 14, రాత్రైనా పగలైనా పలుకుతారు. ఆ అంకెలను ఫ్రిజ్ తలుపు మీద, పరీక్షల పట్టిక పక్కనే అంటించండి. మనకు చెప్పుకోలేనిది వాళ్ళు అక్కడ చెప్పుకుంటే మనకు చిన్నతనమేమీ లేదు.

మాలో ఒకరికి 1989 నాటి సంగతి ఒకటి గుర్తున్నది. ఇంటర్మీడియట్ ఫలితాలు పేపర్లో పడ్డాయి. బస్టాండు దగ్గర పేపరు కొని, నిలబడి, నెంబర్ల వరుసలన్నీ రెండుసార్లు వెతికితే హాల్ టికెట్ నెంబరు లేదు. చీకటి పడేదాకా కాలువగట్టు మీద కూర్చుని, ఇక తప్పదని ఇంటికి వెళ్ళాడు. నాన్నగారు అరుగుమీద ఎదురుచూస్తూ ఉన్నారు. సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. మొహంలోకి చూసి, "రా, అన్నం చల్లారిపోతున్నది" అన్నారు. ఆ రాత్రి మరేమీ మాట్లాడలేదు. తర్వాత మళ్ళీ ఫీజు కట్టి రాయడమూ జరిగింది, పాసవడమూ జరిగింది. ఎన్ని మార్కులు వచ్చాయో ఈనాడు జ్ఞాపకం లేదు. ఆ రాత్రి వంకాయ కూర అని మాత్రం జ్ఞాపకమున్నది.

డిసెంబరు మధ్యలో ఒక ఉదయాన మన పిల్లల ఫోనుల్లోకి ఆ అంకె వస్తుంది. అది ఎంతైనా కావచ్చు. ఆ పూట మనం మొదట ఏమంటామో మాత్రం మన చేతుల్లోనే ఉన్నది. అది మన పరీక్ష. అక్కడ "మాకు పరీక్షలు" అనడం తప్పు కాదు.