పాత వీడియో కేసెట్లు - నకలు తీసుకోవడం ధర్మమేనా?

ఒక వస్తువును డబ్బు పెట్టి కొన్నాం. ఏళ్ల తరబడి ఇంట్లో దాచుకున్నాం. ఇప్పుడది పాడైపోతోంది. పూర్తిగా పోకముందే నకలు తీసి పెట్టుకుందామంటే ‘దీనికి నకలు తీసే అనుమతి లేదు’ అని యంత్రం మొరాయిస్తోంది. ఆ అడ్డును దాటి నకలు తీసుకోవచ్చా? లేక అది ఒకరి సొత్తును దొంగిలించడం కిందికి వస్తుందా? చూడటానికి చిన్న విషయమే. కాని మన ఆస్తి, ఎదుటివారి హక్కు, ఇచ్చిన మాట - ఈ మూడూ ఇందులో ఇమిడి ఉన్నాయి. ఇలాంటి చిన్న విషయాల్లోనే మనిషి నిజాయితీ బయటపడుతుంది.

ఉమ్మడి కడప జిల్లా ముస్లిం కుటుంబాలకు ఈ ప్రశ్న దూరమైనదేమీ కాదు. బతుకుతెరువు కోసం ఇక్కడి నుంచి ఎందరో కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఫోన్ మాట్లాడటం ఖరీదైన ఆ రోజుల్లో, నిఖాకు రాలేకపోయిన అన్నదమ్ములకు పెళ్లి కేసెట్టే ఊరిని చూపించేది. వేముల మండలంలోని తుమ్మలపల్లెనే తీసుకోండి. అక్కడ యురేనియం గని పనులు 2007లో ఆరంభమయ్యాయి. అంతకుముందు ఆ ఊళ్లో తీసిన పెళ్లి వీడియో ఏ ఇంట్లోనైనా ఉంటే, అందులో కనిపించేది వధూవరులు మాత్రమే కాదు. గని రాకముందరి పొలాలు, దారులు, ఈనాడు మన మధ్య లేని పెద్దలు కూడా అందులో ఉంటారు. అలాంటి కేసెట్టు పోతే మరొకటి ఏ అంగడిలోనూ దొరకదు.

కేసెట్టు ఎందుకు పాడవుతుంది?

వీహెచ్ఎస్ కేసెట్టు 1976లో జపాన్‌లో జేవీసీ సంస్థ ద్వారా మార్కెట్టులోకి వచ్చింది. సన్నని ప్లాస్టిక్ రిబ్బన్ మీద అయస్కాంత పొడిని జిగురుతో అంటించి దాన్ని తయారుచేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. పొడి రాలి వీసీఆర్ హెడ్‌కు అంటుకుంటుంది. బొమ్మ వెలిసిపోతుంది. రాయలసీమ ఎండకు కాగే ఇంట్లో, దుమ్ముపట్టిన ట్రంకుపెట్టెలో ఉంటే ఆ నష్టం మరింత త్వరగా జరుగుతుంది. కేసెట్టు బాగున్నా దాన్ని ఆడించే యంత్రం దొరకడం లేదు. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆ పని మానేసింది.

అందుకే వీసీఆర్‌ను కంప్యూటర్‌లోని క్యాప్చర్ కార్డుకు కలిపి, కేసెట్టులోని బొమ్మను, మాటను ఫైలుగా మారుస్తున్నారు. మూడు గంటల కేసెట్టుకు మూడు గంటలూ పడుతుంది. తొందరపెట్టే వీలు లేదు. మొదలుపెట్టే ముందు కేసెట్టు వెనకంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేయడం మంచిది. అలా చేస్తే పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు.

తాళం కథ

1980ల నడుమ నుంచి సినిమా కంపెనీలు తమ కేసెట్లలో మాక్రోవిజన్ అనే తాళం వేయసాగాయి. తెర మీద కనిపించని గీతల్లో కొన్ని దొంగ సంకేతాలు కలుపుతారు. టీవీకి వాటితో ఇబ్బంది లేదు. కాని మరో వీసీఆర్‌లో నకలు తీయబోతే, అది వెలుగును తప్పుగా అంచనా వేసుకుని బొమ్మను ఒకసారి చీకటిగా, ఒకసారి మిరుమిట్లుగా మార్చేస్తుంది. చాలా క్యాప్చర్ కార్డులు ఈ గుర్తును కనిపెట్టి పనే ఆపేస్తాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. అరిగిపోయిన కేసెట్టు నుంచి వచ్చే సంకేతం నిలకడగా ఉండదు. కొన్ని కార్డులు ఆ వణుకునే తాళమని పొరబడతాయి. ఫలితంగా మనమే డబ్బిచ్చి తీయించుకున్న మన పెళ్లి వీడియోకు కూడా ‘అనుమతి లేదు’ అనే జవాబు వస్తుంది. సంకేతాన్ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం మధ్యలో పెడితే ఆ వణుకు తగ్గుతుంది. అదే పరికరం చాలాసార్లు అసలు తాళాన్ని కూడా తీసేస్తుంది. అంటే యంత్రం దొంగకూ యజమానికీ తేడా తెలుసుకోలేదు. ఆ తేడా మనిషి సంకల్పంలో ఉంది. సహీహ్ బుఖారీ గ్రంథం సంకల్పానికి సంబంధించిన హదీసుతోనే మొదలవుతుందని మనకు తెలుసు.

హక్కు ఎవరిది?

గ్రంథం రాసినవారికి, కొత్త వస్తువు కనిపెట్టినవారికి దాని మీద ఆర్థిక హక్కు ఉంటుందా అనే విషయంలో మన ఉపఖండపు ఉలమాల మధ్య ఒకప్పుడు అభిప్రాయభేదం ఉండేది. చేతికి తగలని హక్కును అమ్మడమేమిటని కొందరు పెద్దలు ప్రశ్నించారు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై, రచనల మీదా ఆవిష్కరణల మీదా వాటి కర్తలకు హక్కు ఉందని, షరీఅత్ దాన్ని కాపాడుతుందని, దాన్ని ఉల్లంఘించరాదని తీర్మానించింది. కాబట్టి ‘సినిమా వాడిదే కదా, పోతే పోయింది’ అనే మాట విశ్వాసి నోట రాకూడదు. దాసుల హక్కులో ఇది మిత్రుడిది, అది పరాయివాడిది అనే తేడా లేదు.

మరి చట్టం ఏమంటోంది? మన దేశ కాపీరైటు చట్టం 1957 నాటిది. సొంత వాడకం కోసం న్యాయమైన మేరకు వినియోగించుకోవడాన్ని దాని 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ తాళం పగలగొట్టడాన్ని నేరమన్నది, రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. అయితే హక్కును ఉల్లంఘించాలనే ఉద్దేశంతో చేసినప్పుడే అది నేరం. చట్టం సమ్మతించే పని కోసం ఇతరులకు తాళం తీసిపెట్టేవారు మాత్రం ఆ వచ్చినవారి పేరు, చిరునామా, పని వివరాలు రాసి ఉంచాలి. కేసెట్లు మార్చి ఇచ్చే దుకాణదారులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ట్రంకుపెట్టెలో మూడు కేసెట్లు

ఇప్పుడు మన పెట్టె తెరిచి చూద్దాం. మొదటిది పెళ్లి కేసెట్టు. వేరే ఒప్పందం లేనంతవరకు, డబ్బిచ్చి వీడియో తీయించుకున్నవారే దానికి తొలి హక్కుదారులని 1957 చట్టపు 17వ సెక్షన్ చెబుతుంది. యంత్రం పొరబాటున వేసిన తాళాన్ని తీయడంలో దోషమేమీ లేదు.

రెండవది అంగట్లో కొన్న అసలు కేసెట్టు. ‘నకలు తీయరాదని పెట్టె మీద రాసి ఉంది. ఒప్పుకునే కదా కొన్నాం?’ అని ఎవరైనా అడగవచ్చు. ఇది బలమైన ప్రశ్న. ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆదేశంతోనే అల్ మాయిదా సూరా ఆరంభమవుతుంది. అయితే ఆ షరతు ఎందుకు పెట్టారో కూడా చూడాలి. ఒక కేసెట్టు కొని పది మందికి పంచితే తొమ్మిది కేసెట్ల రాబడి పోతుందని పెట్టారు. కొన్నవాడు జిగురు ఊడేదాకానే చూడాలని కాదు. ఇంట్లో చూసుకోవడానికి ఒక్క నకలు తీసుకుంటే అమ్మినవాడి రాబడిలో పైసా తగ్గదు. కాని ఆ నకలును పంచినా, అమ్మినా, ఇంటర్నెట్‌లో పెట్టినా మాట మారిపోతుంది. కేసెట్టును ఇతరులకు అమ్మేసి నకలును మనం ఉంచుకోవడమూ సరికాదు. అదే చిత్రం డిస్కుగా అంగట్లో దొరుకుతుంటే కొనుక్కోవడమే సందేహానికి తావులేని దారి. మనసులో శంక మిగిలితే నమ్మకమైన ఆలిమ్‌ను అడగాలి.

మూడవది అద్దెకు తెచ్చి తిరిగి ఇవ్వని కేసెట్టు, లేదా దొంగ నకలు. దీనికి తాళం లేకపోవచ్చు. అయినా ఇది మనది కాదు. దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించినంత మాత్రాన హలాల్ అయిపోదు.

తాళం లేని అమానతు

యంత్రం అడ్డుకున్న చోట హక్కు మనదే కావచ్చు, అడ్డు లేని చోట మనది కాకపోవచ్చు. అందువల్ల తాళం కొలబద్ద కాదు, ఎదుటివారి హక్కే కొలబద్ద.

ఆ కొలబద్దతో మళ్లీ మొదటి కేసెట్టునే చూడండి. ఆనాడు జనానాలో కూర్చున్న అక్కచెల్లెళ్లు, పిన్నమ్మలు ఇంటివారి కెమెరా అనుకుని నవ్వుతూ కనిపించారు. ఆ బొమ్మ బీరువాలో ఉంటుందని, ఇంటి ఆడవాళ్లు మాత్రమే చూస్తారని నమ్మారు. ఈనాడు అది ఫైలుగా మారితే నిమిషంలో వంద ఫోన్లకు చేరుతుంది. ఆ నమ్మకాన్ని కాపాడే మాక్రోవిజన్ ఏదీ లేదు. చట్టం ప్రకారం వీడియో మనదే కావచ్చు. కాని వారి మర్యాద మన ఆస్తి కాదు, వారు మనకు అప్పగించిన అమానతు. అందువల్ల నకలు తీయించేటప్పుడు ఇంటివారొకరు దగ్గరుండాలి. దుకాణం కంప్యూటర్‌లో కాపీ మిగలకుండా చూడాలి. జనానా భాగాన్ని వేరు ఫైలుగా ఉంచి, అందులో ఉన్నవారిని అడగకుండా ఎవరికీ పంపకూడదు.

కంపెనీ వేసిన తాళం గురించి ఇంత ఆలోచించే మనం, మన బంధువుల నమ్మకం గురించి అంతకు రెట్టింపు ఆలోచించాలి. పొందిన ప్రతి హక్కుతో పాటు ఇతరుల హక్కును కూడా గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.